ఎర్ర ఏప్రాన్ కట్టుకున్నవారితో మాట్లాడరాదు

ఊరి పేరు చెప్పడం న్యాయం కాదు. అక్కడి జనం జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా ఇప్పటికీ ఆ ఆసుపత్రికే వెళ్ళాలి. అది వంద పడకల సర్కారు ఆసుపత్రి అనీ, అందులో మగవాళ్ళ వార్డును పంతొమ్మిదేళ్ళుగా సిస్టర్ రాహేలు చూసుకుంటోందనీ తెలిస్తే చాలు.

రాహేలు మందు కలపడం చూడాలి. ముందు చేతులు శుభ్రంగా కడుక్కుంటుంది. సీసా మీద పేరు మూడుసార్లు చదువుతుంది. బీరువాలోంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజీలోకి లాగే ముందు ఒకసారి, ఖాళీ సీసా పారేసే ముందు ఇంకోసారి. రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడిచి, అది ఆరేదాకా ఆగుతుంది. "ఆరకముందే గుచ్చేట్టయితే తుడవడం ఎందుకు?" అని కొత్తగా చేరిన నర్సులకు చెబుతుంది. పొడిలో నీళ్ళు కలిపాక సీసాను గిలకొట్టదు. రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లిస్తుంది. సిరంజీని వెలుతురుకేసి పట్టుకుని బుడగల్ని తట్టి పైకి పంపి, మందు పేరూ పడక నంబరూ రాసిన చీటీ అంటించాకే ట్రేలో పెడుతుంది.

ఇంత చేస్తున్నప్పుడు ఆమెను పలకరించకుండా పోయేవాడు వార్డులో ఉండేవాడు కాదు. "సిస్టరమ్మా, ఎక్స్‌రే గది ఎటు?" "అక్కా, మా నాన్నకి ఇడ్లీ పెట్టొచ్చా?" "సిస్టర్, ఈ ఫ్యాను తిరగట్లేదు." "మేడమ్, సెలవు కాగితం మీద ఓ సంతకం." ఏడేళ్ళ కిందట ఓ ఉదయం నలుగురు ఒకేసారి నాలుగు ప్రశ్నలు అడిగితే, ఆరో పడకకు లాగిన మందుతో తొమ్మిదో పడక దగ్గరికి వెళ్ళి నిలబడింది. జబ్బ మీద దూదితో తుడిచాక చీటీ చూసుకుని వెనక్కి వచ్చేసింది. ఎవరికీ తెలియలేదు. ఆమెకు తెలుసు.

మర్నాడే అర్జీ రాసింది: మందు కలిపే పది నిమిషాలు నన్నెవరూ కదిలించకుండా చూడండి. ఆ తర్వాత మరో రెండు అర్జీలు రాసింది. మూడూ అందినట్టు ముద్ర పడింది. అంతకుమించి ఏమీ పడలేదు.

అందుకే, సూపరింటెండెంట్ డాక్టర్ చిదానందం రాజధానిలో రెండు రోజుల శిక్షణకు వెళ్ళి, ఒక సంచీ, ఒక పెన్నూ, ఒక ఆలోచనా పట్టుకుని తిరిగొచ్చినప్పుడు అందరికన్నా ఎక్కువ సంతోషించింది రాహేలే.

"విదేశాలలో," అన్నాడాయన సిబ్బంది సమావేశంలో లేచి నిలబడి, "నర్సు మందు తయారుచేయు సమయమున ఎర్ర ఏప్రాన్ ధరించును. ఆ ఏప్రాన్ ధరించినంతసేపు ఆమెను పలకరించు సాహసం ఎవరునూ చేయరు. రోగి భద్రతకు మూలస్తంభం ఏది? మౌనం. మన ఆసుపత్రిని రాష్ట్రంలోనే తొలి మౌన భద్రతా కేంద్రంగా తీర్చిదిద్దెదను."

చప్పట్లు కొట్టారు. రాహేలు అరచేతులు నొప్పి పుట్టేలా కొట్టింది.

సర్క్యులర్ వచ్చింది. "ఎర్ర ఏప్రాన్ ధరించిన వ్యక్తితో ఎవరునూ, ఏ కారణము చేతనైననూ, ఏ భాషయందైననూ సంభాషించరాదు. సదరు వ్యక్తియు ఎవరితోనూ సంభాషించరాదు. ఉల్లంఘించినవారు శాఖాపరమైన చర్యలకు పాత్రులగుదురు." వార్డులో మందుల బల్ల చుట్టూ పసుపు రంగు గీత గీశారు. ఏప్రాన్ వీపు మీద తెల్లటి అక్షరాలు కుట్టించారు: మందు తయారీలో ఉన్నాను, మాట్లాడవద్దు.

ఆ పదిహేను రోజులూ రాహేలుకు పండగే. ఏప్రాన్ కట్టుకుని గీత దాటి బల్ల దగ్గరికి వెళ్ళేది. వార్డంతా ఎవరో మీట నొక్కినట్టు ఊరుకునేది. పది నిమిషాల్లో పన్నెండు పడకల మందులు కలిపేది. పని కాగానే ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించి, "ఆఁ, ఇప్పుడు చెప్పండి. ఎవరికేం కావాలి?" అనేది. అడిగినవాళ్ళందరికీ ఓపిగ్గా చెప్పేది. సూది వేసే ముందు ప్రతి ఒక్కరినీ, "ఇంతకుముందు ఏ సూదన్నా పడకపోవడం ఉందా? దద్దుర్లు గానీ, ఆయాసం గానీ?" అని అడిగేది. అంతా సక్రమంగా ఉంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఓ రోజు ఆసుపత్రి పరిపాలనాధికారి, అందరూ ఏవోగారనే ఫణిభూషణరావు, ఏదో ఫైలు మీద రాహేలు సంతకం కోసం వార్డుకు వచ్చాడు. ఆమె బల్ల దగ్గర ఉంది. ఆయన ఎక్కడికి వెళ్ళినా జనం లేచి నిలబడతారు. ఇక్కడ ఆయనే గీత బయట పావుగంట నిలబడి, ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళాడు. ఆయనకు కోపం రావాలి. రాలేదు. ఆలోచన వచ్చింది.

గదికి వెళ్ళి సర్క్యులర్ తీయించుకుని నాలుగుసార్లు చదివాడు. 'ధరించిన వ్యక్తి' అని ఉంది. నర్సు అని ఎక్కడా లేదు.

మర్నాడు ఆయన కుర్చీలో ఎర్ర ఏప్రాన్ కట్టుకుని కూర్చున్నాడు. వీపు మీద 'ఫైలు తయారీలో ఉన్నాను' అని ఉంది. పింఛను కాగితాల కోసం వచ్చిన ఓ విశ్రాంత వార్డుబాయి నోరు తెరవబోతే, ఏవోగారు వేలితో వీపు చూపించాడు. అలా చూపించడానికి కుర్చీలో గిర్రున తిరగాల్సి వచ్చింది గానీ ఆ కష్టాన్ని ఆయన సంతోషంగా పడ్డాడు.

"ఫైలు కూడా ఒక రకముగా ఇంజెక్షనే," అని సూపరింటెండెంటుకు నోటు పెట్టాడు. "తప్పుగా తయారైనచో ప్రాణాపాయమే. కావున పరిపాలనా విభాగమునకు సైతం మౌన భద్రత వర్తింపజేయ ప్రార్థన."

వర్తింపజేశారు. ఫార్మసిస్టు, మందులు ఇచ్చేవాడిని నేను కాదా అన్నాడు. ఆయనకూ ఏప్రాన్ వచ్చింది. ల్యాబువాళ్ళూ, ఎక్స్‌రేవాళ్ళూ, ఓపీ చీటీలు రాసే ఆయనా అడిగారు. గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు 'కాపలాలో ఉన్నాను' అని రాయించుకుని, ఎవరు ఏ దారి అడిగినా ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టాడు. డాక్టర్లందరికీ వచ్చాయి. చివరికి సూపరింటెండెంటుగారు జరీ అంచున్నది కుట్టించుకున్నారు. దాని మీద 'ఆలోచనలో ఉన్నారు' అని ఉంది. తన గురించి తాను ఏకవచనంలో రాసుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

వచ్చిన చిక్కల్లా రాహేలు వల్లే వచ్చింది. ఆమె ఇంకా పని కాగానే ఏప్రాన్ విప్పేస్తోంది. దీని మీద మౌన భద్రతా కమిటీ సమావేశమైంది. సభ్యులందరూ ఏప్రాన్‌లలో ఉన్నారు కాబట్టి చీటీల మీద రాసుకుంటూ మూడు గంటలు చర్చించి, డ్యూటీ వేళల్లో ఏప్రాన్ విప్పడం 'మౌన విచ్ఛిత్తి' అని తేల్చారు. ఇకపై ఎక్కినప్పటి నుంచి దిగేదాకా విప్పరాదు.

"మరి రోగిని అడగాల్సినవి ఎప్పుడడగాలి?" అని రాహేలు కాగితం పెట్టింది.

"రోగి వివరములు కేస్ షీటునందు లభ్యమగును," అని జవాబొచ్చింది.

"టెస్ట్ డోసు వేశాక దురదగా ఉందా, ఊపిరాడుతోందా అని అడగాలి కదండీ?"

దానికి జవాబుగా ఒక అట్ట ముక్క వచ్చింది. ఒకవైపు నవ్వుతున్న మొహం, ఇంకోవైపు ఏడుస్తున్న మొహం. రోగి తనకు వర్తించు మొహమును వేలితో సూచించవలెను.

రాహేలు ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. అడిగింది నేనే కదా అనుకుంది. మూడు అర్జీలు రాసి మరీ అడిగాను.

నెల తిరక్కుండా రాజధాని నుంచి తనిఖీ బృందం వచ్చింది. వచ్చినవాళ్ళు గుడ్లప్పగించి చూసేంత నిశ్శబ్దంగా ఉంది ఆసుపత్రి. రోగులు ఓపీ గదిలో డాక్టరు ముందు కూర్చుని నొప్పి ఉన్న చోట వేలు పెట్టి చూపిస్తున్నారు. కడుపు లోపలి నొప్పిని చూపించడానికి కొందరు కాస్త అవస్థ పడుతున్నారు గానీ చప్పుడు చేయడం లేదు. బృందం నాయకుడు ఫిర్యాదుల రిజిస్టరు తెరిచాడు. నెల రోజుల్లో ఫిర్యాదులు సున్న. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఎట్లు సాధించితిరి?" అని అడిగాడు.

సూపరింటెండెంటు వీపు చూపించారు.

నూటికి తొంభై ఎనిమిది మార్కులు వేసి వెళ్ళారు. ఛాతీ వార్డులో దగ్గులు వినిపించినందుకు రెండు తగ్గించారు.

ఆ మార్కుల పలకను గోడకు బిగించిన మూడో రోజు ఉదయం గురవయ్య వచ్చాడు. నాపరాళ్ళ గనిలో పనిచేస్తాడు. పాదం మీద పలక జారి పడింది. వారం రోజులు పసుపు అద్ది ఊరుకుంటే కాలు మోకాలి దాకా ఎర్రగా వాచి, జ్వరం పట్టుకుంది. వెంట భార్య నాసరమ్మ ఉంది. ఆమె కొంగు చివర ఒక బీడీకట్ట కాగితం ముడివేసి ఉంది.

నాసరమ్మ గేటు దగ్గర ఆ ముడి విప్పి, "అయ్యా, ఇదెవురికి చూపియ్యాల?" అంది. గార్డు ఆకాశం వైపు చూశాడు. ఓపీ చీటీ దగ్గర, "బాబూ, మా ఆయనకి ఒక సూది..." అంది. చీటీలాయన కిటికీ రెక్క మూసి, ఆమె ఊరుకున్నాక తెరిచాడు. డ్యూటీ డాక్టరు నిఖిలేశ్ కుర్రవాడు, మంచివాడు. ఆమె నోరు తెరవగానే జాలిగా చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుని, గురవయ్య కాలు వైపు చూశాడు. చూస్తే తెలిసిపోయే జబ్బే. పెన్సిలిన్ జాతి ఇంజెక్షన్ రాశాడు. కేస్ షీటులో 'పడని మందులు' అన్న గడి ఉంది. ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి 'లేవు' అని రాశాడు.

పది గంటల మందులకు రాహేలు పసుపు గీత దాటింది. కేస్ షీటు చదివింది. పడని మందులు: లేవు. చేతులు కడుక్కుంది. పేరు చూసి సీసా తీసింది. మూత తుడిచి ఆగింది. నీళ్ళు కలిపి అరచేతుల్లో దొర్లించింది. టెస్ట్ డోసుకు కావలసిన చుక్క సన్న సిరంజీలోకి లాగి, వెలుతురులో చూసి, చీటీ అంటించింది. సరైన మందు, సరైన మోతాదు, సరైన వేళ, మందు ఒంట్లోకి పంపే సరైన దారి, సరైన మనిషి. పుస్తకంలో ఉన్న అయిదూ సరిపోయాయి.

గీత బయట నాసరమ్మ నిలబడి ఉంది. వార్డులో కొత్తగా పెట్టిన మౌన పర్యవేక్షకుడు ఆమె ముందు 'నిశ్శబ్దం' అన్న పలక పట్టుకుని నిలబడ్డాడు. నాసరమ్మకు చదువు రాదు. పలకకు అటు నుంచీ ఇటు నుంచీ తొంగి చూస్తూ, బీడీ కాగితం ఊపుతూ, నోటి మీద చెయ్యి పెట్టుకుని, రాహేలు కళ్ళలోకే చూస్తోంది.

రాహేలు చూపు తిప్పుకుంది. నిబంధన ప్రకారం చూపు తిప్పుకోవాలి. ట్రే ఎత్తి రెండడుగులు వేసింది. గురవయ్య అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి కింది భాగం చాపి పెట్టాడు. ఏడుస్తున్న మొహం, నవ్వుతున్న మొహం ఉన్న అట్ట అతని ఒళ్ళో ఉంది.

అప్పుడు నాసరమ్మ పలకను పక్కకు నెట్టి, పసుపు గీత దాటి, రాహేలు ముంజేయి పట్టుకుంది. మాట్లాడలేదు పాపం. మాట్లాడితే మొగుణ్ణి బయటికి పంపేస్తారేమోనని భయం. చెయ్యి మాత్రం వదల్లేదు.

రాహేలు ట్రే కింద పెట్టింది. వెనక్కి చేతులు పోనిచ్చి ఏప్రాన్ ముడి విప్పింది. అది కాళ్ళ దగ్గర పడింది.

"చెప్పమ్మా," అంది.

నెల తర్వాత ఆ వార్డులో వినిపించిన మొదటి మాట అది. పద్నాలుగో పడక మీద నిద్రపోతున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.

"పోయినేడు మా ఊరి ఆరెంపీ డాక్టరు ఇట్టాంటి తెల్ల పొడి సూదే ఏశాడమ్మా," అంది నాసరమ్మ. "ఏసీ ఏయకముందే ఒళ్ళంతా దద్దుర్లు లేచినయ్యి. గొంతు పూడుకుపోయింది. కళ్ళు తేలేశాడు. ఇంకో రెండు సూదులేసి బతికిచ్చాడు. ఏ ఆసుపత్రికి పోయినా ముందు ఇది చూపియ్యమని రాసిచ్చాడు. పొద్దున్నించీ చూపిస్తన్నా. ఎవురూ చూడట్లా."

రాహేలు బీడీ కాగితం అందుకుంది. వెనక వంకరటింకర అక్షరాల్లో మందు పేరూ, దాని కింద 'పడదు, ప్రాణం మీదికి వస్తుంది' అనీ రాసి, రెండు గీతలు గీసి ఉంది. ఆ ఆసుపత్రిలో ఆ రోజు ఉన్న కాగితాలన్నిటిలోకీ సరిగ్గా నింపింది అదొక్కటే. అలాంటి మనిషికి చర్మం కిందికి పోయే ఆ చుక్క మందు చాలు. అట్ట మీద ఏ మొహం చూపించాలో ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండదు.

ఆమె సిరంజీని ఉన్నపళంగా సూదుల డబ్బాలో పడేసి డాక్టరు గదికి పరుగెత్తింది. నిఖిలేశ్ ఆమెను చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. రాహేలు ఆయన వెనక్కి వెళ్ళి ఏప్రాన్ ముడి లాగింది.

అది ఒళ్ళోకి జారింది. డాక్టరు దాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

"అమ్మయ్య," అన్నాడు. "నెల దాటింది సిస్టర్, మనిషితో మాట్లాడి."

"ముందు ఇది చదవండి."

చదివాడు. కేస్ షీటులో 'లేవు' కొట్టేసి ఎర్ర సిరాతో పేరు రాశాడు. ఆ జాతికి చెందని వేరే మందు రాశాడు. తర్వాత తనే వార్డుకు వచ్చి గురవయ్య పక్కన కూర్చుని అరగంట సేపు అన్నీ అడిగాడు. అడగాల్సినవీ అడిగాడు, అక్కర్లేనివీ అడిగాడు. గనిలో పలకలు ఎలా తీస్తారో కూడా అడిగాడు.

సాయంత్రానికి రాహేలుకు మెమో అందింది. మందు తయారీ మధ్యలో ఏప్రాన్ విసర్జించుట, పసుపు గీత యందు సంభాషణ జరుపుట, మరొక అధికారి ఏప్రాన్‌ను వెనుక నుండి అనుచితముగా విప్పుట అని మూడు అభియోగాలు. ఏప్రాన్‌ను సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నారు. స్వయంగా హాజరై కమిటీ ఎదుట సంపూర్ణ వివరణ ఇచ్చుకోవలెను అని చివర రాశారు.

విచారణ గదిలో సూపరింటెండెంటూ, ఏవోగారూ, ఫార్మసిస్టూ బల్లకు అటు వరసగా కూర్చున్నారు. ముగ్గురూ ఏప్రాన్‌లలో ఉన్నారు. ఏప్రాన్ లేనిది రాహేలుకే. మాట్లాడగలిగిన మనిషి ఆ గదిలో ఆమె ఒక్కతే. పైగా సంపూర్ణంగా చెప్పమని ఉత్తర్వు ఉంది.

రాహేలు మొదలుపెట్టింది.

"నేనడిగింది పది నిమిషాలండీ. మందు కలిపే పది నిమిషాలు. అది మంచి పద్ధతే. ఇప్పుడూ అదే అంటాను." ఏవోగారు ఏదో అనబోయాడు, ఏప్రాన్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. "చేతులు కడుక్కుంటే సగం పనండీ. మిగతా సగం చెవులతో చెయ్యాలి. సూదిలోకి ఏం లాగానో సీసా మీద ఉంటుంది. అది ఎవరి ఒంట్లోకి పోతోందో మనిషి చెప్పాలి, మనిషి చెప్పకపోతే పక్కన ఉన్న ఆడమనిషి చెప్పాలి. వాళ్ళ నోరు మూయించి నా చేతిలో సిరంజీ పెట్టారు. ఆయన చచ్చిపోతే రికార్డు ప్రకారం నా తప్పు ఒక్కటీ ఉండేది కాదు. మీకు తెలుస్తోందా అది ఎంత భయమో? అన్నీ సరిగ్గా చేసి చంపేదాన్ని."

ఫార్మసిస్టు తల దించుకున్నాడు. రాహేలు ఆపలేదు. ఏడేళ్ళ కిందటి తొమ్మిదో పడక సంగతి మొదటిసారి బయటికి చెప్పింది. మూడు అర్జీల సంగతి చెప్పింది. చేతులు తుడుచుకునే తువ్వాలు లేని సంగతి, నిండిపోయినా ఎవరూ మార్చని సూదుల డబ్బా సంగతి చెప్పింది. నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో ఎవరూ అడ్డు తగల్లేదు. పంతొమ్మిదేళ్ళ నౌకరీలో ఒక అధికారి ఆమె మాట పూర్తిగా వినడం అదే మొదలు.

పది రోజులకు తీర్పు వచ్చింది. "రోగికి ఎట్టి హాని జరగనందున ఘటన జరిగినట్లు నిర్ధారణ కాలేదు. అయితే మౌన భద్రతా ఉపకరణము నర్సింగ్ విభాగమున దుర్వినియోగమైనట్లు స్పష్టమగుచున్నది. కావున ఇందుమూలముగా నర్సుల నుండి ఎర్ర ఏప్రాన్‌లు ఉపసంహరించడమైనది. ఇతర విభాగములలో యథాతథముగా కొనసాగును."

నర్సుల ఏప్రాన్‌లు మూటకట్టి తీసుకుపోయారు. పసుపు గీతను తెల్ల రంగుతో కొట్టేశారు. మర్నాడు పది గంటల మందులకు రాహేలు బల్ల దగ్గరికి వెళ్ళేసరికి వెనక ఏడుగురు చేరారు. నెలన్నరగా కడుపులో దాచుకున్న ప్రశ్నలన్నీ పట్టుకొచ్చారు. ఆసుపత్రి మొత్తంలో అడిగితే పలికేది నర్సులే మరి.

రాహేలు సీసా బల్ల మీద పెట్టింది. తర్వాత గురవయ్య పడక వైపు చూసింది. అతని కాలి వాపు సగం తీసింది, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నాసరమ్మా, ఓ సాయం చేస్తావా? నేను మందులు కలిపేదాకా వీళ్ళని అటు కూర్చోబెట్టుకో. ఎవరికి ఏ మందు పడదో, ఇంట్లో ఏమేం వాడుతున్నారో అడిగి గుర్తుపెట్టుకో. అవయ్యాక నాకు చెబుదువు."

"నాకు చదువు రాదుగదమ్మా."

"నీకు వినడం వచ్చు. అది చాలు."

నాసరమ్మ కొంగు బిగించి బల్లకు వీపు పెట్టి నిలబడింది. "యో, ఆగండయ్యా. అమ్మ మందు కలపతంది. నీకేం గావాల? ఎక్స్‌రేనా? అదుగో, ఎడం చేతి పక్క. నీదేంది పెద్దాయనా? ఆయాసం మాత్తర్లా? ఎన్నాళ్ళనించీ? ఉండు, అమ్మకి చెబుతా."

రాహేలు రబ్బరు మూత తుడిచి, ఆరేదాకా ఆగింది.

ఇంకో వారానికి గురవయ్యను ఇంటికి పంపారు. నాసరమ్మ మూటా ముల్లే సర్దుకుని, వెళ్ళబోయేముందు పద్నాలుగో పడక ముసలాయన కోడల్ని చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. ఎక్కడ నిలబడాలో, ఏమేం అడగాలో, ఎవరిని గట్టిగా ఆపాలో, ఎవరి మాట మాత్రం ఆపకుండా వెంటనే అమ్మ చెవిన వెయ్యాలో ఒక్కొక్కటే చెప్పింది.

"దీన్ని ఏమంటారక్కా?" అంది ఆ పిల్ల.

నాసరమ్మ రాహేలు వైపు చూసింది.

"దీనికి పేరు పెట్టొద్దు తల్లీ," అంది రాహేలు గొంతు తగ్గించి. "పేరు పెడితే కమిటీ వేస్తారు."